రియాద్‌లో డ్యూటీ, ఆన్‌లైన్‌లో డిగ్రీ

మా ఇంటికొచ్చే నర్సింగ్ పిల్లలు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, "అక్కడ ఎండలెక్కువాండీ?" రెండోది, "ఆన్‌లైన్‌లో డిగ్రీ చేస్తే గల్ఫ్‌లో పనికొస్తుందాండీ?" తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగినవాళ్ళు ఎండ గురించి నన్నడగడమేంటి, విడ్డూరం! రెండో ప్రశ్నకి మాత్రం నాకు ఒక్క ముక్కలో జవాబు రాదు. పనికొస్తుంది అంటే నిజమే, పనికి రాదు అన్నా నిజమే. టీ చల్లారిపోయేదాకా చెబుతాను, వాళ్ళు బస్సు టైమయిందని లేచిపోతారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

నా పేరు రత్నకుమారి. రియాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో ఇరవై ఏడేళ్ళు పనిచేశాను. సగానికి పైగా కాలం వార్డులో, మిగతాది కొత్త నర్సులకి పాఠాలు చెప్పే పోస్టులో. మా ఆయన ఇక్కడే స్కూలు మాస్టారు. నేను ఏటా ఒక నెల వచ్చి, పచ్చళ్ళు పట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. ప్రమోషన్లు, సన్మానాలు రాయను, అవి అందరికీ ఒకేలా ఉంటాయి. నేను చేసిన తప్పులు మాత్రం నావే.

పోస్టులో వచ్చిన చదువు

నేను రియాద్‌లో దిగిన రెండేళ్ళకి కువైట్ గొడవ మొదలైంది. మా హాస్టల్లో సగం మంది సూట్‌కేసులు సర్దుకున్నారు. వాళ్ళలో సగం మంది నిజంగానే వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. ధైర్యం అనుకునేరు, అదేం కాదు. అప్పుడే పోస్టు ద్వారా బి.ఏ.లో చేరాను, పాఠాలు వచ్చే చిరునామా రియాద్‌ది. చిరునామా మార్చాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలట. ఆ బద్ధకమే నన్ను యుద్ధంలో నిలబెట్టింది.

ఇప్పటి ఆన్‌లైన్‌కి అప్పటి పోస్టు చదువు పెద్దక్క లాంటిది. గోధుమరంగు కవర్లో పాఠాలు వచ్చేవి, మనం జవాబులు రాసి పంపితే ఎవరో దిద్ది వెనక్కి పంపేవారు. కిటికీలకి టేపు అంటించి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కి, పక్కన గ్యాస్ మాస్కు పెట్టుకుని చదివేదాన్ని. ఒక సాయంత్రం జవాబు సగంలో ఉండగా సైరన్ మోగింది. మాస్కు తగిలించుకుని రాయడం ఆపలేదు. మా వార్డు హెడ్ హనాన్, జోర్డాన్ ఆవిడ, తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి నా ముందు ఆగింది.

"రత్నా, ఏం రాస్తున్నావు, వీలునామానా?"

"కాదండీ, పంచాయతీరాజ్ వ్యవస్థ."

ఆవిడ ఎంత నవ్విందంటే మాస్కు అద్దం మొత్తం ఆవిరి పట్టేసి గోడకి గుద్దుకుంది. అప్పట్నుంచి ఆవిడకి నేనంటే అభిమానం. తర్వాత రోజుల్లో ఆవిడే మొత్తం నర్సింగ్ విభాగానికి పెద్ద అయింది. అప్పట్నుంచి అందరం ముదీరా అనేవాళ్ళం, అంటే అధికారిణి.

యుద్ధం వల్ల పోస్టు ఆగి నాకు ఒక ఏడాది పోయింది. ఎలాగో పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసింది. "ఇది నర్సింగ్ డిగ్రీయా?" "కాదండీ." "మరి దీన్ని నేనేం చేసుకోను?" నాలుగేళ్ళు చదివాను కానీ, దీన్ని ఆస్పత్రి ఒప్పుకుంటుందా అని ఒక్కరోజు కూడా ఎవర్నీ అడగలేదు. అంత తెలివి నాది! మళ్ళీ పదేళ్ళు గడిచాక పాఠాలు చెప్పే పోస్టు ఖాళీ అయితే, దానికి ఏ డిగ్రీ అయినా చాలన్నారు. నాకంటే మంచి నర్సులు డిప్లొమాతో ఆగిపోతే, ఆ పంచాయతీరాజ్ పుణ్యమా అని నేను ఎక్కి కూర్చున్నాను. కాబట్టి మొదటి మాట ఇది: ఏ చదువులో చేరినా, అమ్మేవాణ్ణి అడగొద్దు, రేపు ఆ కాగితం చదివి ఔననో కాదనో చెప్పేవాణ్ణి అడగండి. ఇంత పెద్ద మాట చెప్పిన మనిషి తర్వాత ఏం చేసిందో చూడండి.

ఫోన్ కాపురం

కరుణది ఏలూరు దగ్గర పల్లె. డిప్లొమా చదివి వచ్చింది. మా డయాలసిస్ యూనిట్‌కి అయిదేళ్ళుగా ఇన్‌ఛార్జ్. సూది గుచ్చడంలో ఆ పిల్ల చెయ్యి చెయ్యే! వేరే నర్సు దగ్గరికొస్తే ముసలాళ్ళు చెయ్యి దుప్పట్లో దాచుకుని, "కరూనా వచ్చేదాకా ఆగుతాం" అనేవారు.

ఇన్‌ఛార్జ్‌లకి మా ఆస్పత్రి ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చేది. అందులో కరుణ, భర్త ప్రభాకర్, మూడో క్లాసు చదివే కూతురు షారోన్ ఉండేవారు. ప్రభాకర్ ఇల్లు చూసుకునేవాడు. "వదినగారూ, ఆస్పత్రికి మా ఆవిడ ఇన్‌ఛార్జ్, ఈ వంటింటికి నేనండి" అని గరిట ఊపుతూ చెప్పేవాడు. అతని చేపల పులుసు తిన్నవాళ్ళెవరూ కాదనరు.

ఉన్నట్టుండి ఒక సర్క్యులర్ వచ్చింది. మూడేళ్ళలోగా నర్సింగ్ డిగ్రీ సంపాదించి, లైసెన్స్ ఆఫీసు నుంచి పై గ్రేడు తెచ్చుకోని ఇన్‌ఛార్జ్‌లు మామూలు నర్సులైపోతారు. మామూలు నర్సులకి హాస్టలే. హాస్టల్ అంటే ప్రభాకర్, షారోన్ ఇంటికి వెళ్ళిపోవడమే. కరుణ ఆ కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని నా గదికి వచ్చింది.

"అక్కా, పెళ్ళయ్యాక ఆరేళ్ళు ఫోన్లోనే కాపురం చేశానండి. పిల్ల మొదటి మాట కూడా ఫోన్లోనే విన్నానండి. మళ్ళీ ఆ బతుకు నా వల్ల కాదండి."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేను అప్పటికి ఇరవై ఏళ్ళకి పైగా చేస్తున్నది అదే కాపురం. "ఏడవకే పిచ్చిదానా, ఆన్‌లైన్‌లో చేసేద్దాం" అన్నాను. ఆంధ్రాలో ఒక కాలేజీ తరఫు ఏజెంటుకి అక్కడికక్కడే ఫోన్ కలిపాను. ఇది గల్ఫ్‌లో చెల్లుతుందా అని గట్టిగానే అడిగాను. "హండ్రెడ్ పర్సెంట్ మేడం" అన్నాడు. లైసెన్స్ ఆఫీసు మా ఆస్పత్రి నుంచి రెండు సిగ్నళ్ళ అవతల ఉంది. నడిచి వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. అమ్మేవాణ్ణే అడిగాను, నా పాఠం నాకే ఎక్కలేదు.

వంటింట్లో క్లాసు

రెండేళ్ళ కోర్సు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి, వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని పాఠం వినేది. సెలవు పెట్టక్కర్లేదు, పిల్లని వదలక్కర్లేదు. ఒకసారి అర్థం కాకపోతే మళ్ళీ వినొచ్చు. మేం చదువుకున్న రోజుల్లో మళ్ళీ చెప్పమంటే సిస్టర్ ట్యూటర్ స్కేలు తీసేది. ఉల్లిపాయలు తరుగుతూ ప్రభాకర్ కూడా అన్నీ వినేవాడు. "మా ఆవిడ తప్పినా నేను పాసైపోతానండి" అనేవాడు. ఒకరోజు నాకు బి.పి. మాత్రల గురించి సలహా కూడా ఇచ్చాడు, కరెక్టుగానే ఇచ్చాడు.

పరీక్షలు కెమెరా ముందు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. మూడో పేపరు రాస్తుండగా షారోన్ తలుపు తీసి, "అమ్మా, నిన్నెవరూ డిస్టర్బ్ చెయ్యట్లేదు కదా?" అని ఎంతో శ్రద్ధగా అడిగింది. అంతే, పేపరు రద్దు. నెల తర్వాత మళ్ళీ రాసింది.

ఇప్పుడు ఈ చదువు ఏం ఇచ్చిందో చెప్పాలి. అల్ ఖర్జ్‌లో ఖర్జూరపు తోటలున్న అబూ సాలెహ్ అనే పెద్దాయన వారానికి మూడుసార్లు మా దగ్గర డయాలసిస్‌కి వచ్చేవాడు. మెషీన్ నాలుగు గంటలు నడుస్తుంది. మధ్యలో కొడుకులు పళ్ళెం నిండా కబ్సా, అదే మాంసం అన్నం, తెచ్చేవారు. పక్క కుర్చీల వాళ్ళకి కూడా పంచి తృప్తిగా తినేవాడు. అరగంట తిరక్కుండా బి.పి. పడిపోయి కళ్ళు తేలేసేవాడు. మేం పరుగెత్తి కాళ్ళు ఎత్తిపెట్టి సెలైన్ ఎక్కించేవాళ్ళం. వయసు మీద పడింది కదా, అంతే అనుకునేవాళ్ళం.

కరుణ తన పాఠాల్లో చదివింది. తిన్నప్పుడు రక్తం పొట్టవైపు పోతుంది, అదే సమయంలో మెషీన్ ఒంట్లోంచి నీరు లాగుతుంటుంది, బి.పి. పడక ఏం చేస్తుంది? దాన్నే తన ప్రాజెక్టుగా తీసుకుని, భోజనం మెషీన్ విప్పాకే అని బోర్డు పెట్టింది. అబూ సాలెహ్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నాలుగు గంటలు కూర్చోబెట్టి అన్నం పెట్టని ఇల్లు ఎక్కడైనా ఉందా?"

"అన్నం ఉంది బాబా. బాదేన్, బాదేన్," అంది కరుణ. తర్వాత అని అర్థం. ఆ పిల్లకొచ్చిన అరబ్బీలో సగం అదే.

పెద్దాయన కొన్ని వారాలు ఆమెతో మాట్లాడలేదు, చెయ్యి మాత్రం ఆమెకే ఇచ్చేవాడు. కళ్ళు తిరగడం తగ్గిపోయిందని తనకే తెలిశాక ఒక మధ్యాహ్నం మెషీన్ విప్పించుకుని, కొడుకుల చేత పెద్ద పళ్ళెం దింపించి, "నా నోటి దగ్గర కూడు లాగేశావుగా, ఇప్పుడు కూర్చుని తిను" అని కరుణకి వడ్డించాడు. ఆ సందడికి వచ్చిన ముదీరా కూడా రెండు ముద్దలు తిని, "ఇది నీకెవరు నేర్పారు?" అని అడిగింది. కోర్సులో చదివానని కరుణ చెప్పింది. ఇరవై ఏళ్ళు నేనూ రోగులు అలా కళ్ళు తేలెయ్యడం చూశాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

లోపాలూ చెప్పాలి, లేకపోతే నేనూ ఏజెంటునే అవుతాను. ఆ కోర్సులో కాన్పుల ప్రాక్టికల్ అంటే ఒక వీడియో, కింద పది ప్రశ్నలు. వాట్సాప్ గ్రూపులో ఒకరు రాసింది పాతిక మంది దించేస్తే, తప్పులు కూడా అందరివీ ఒకటే. కరుణ చేతిలో అప్పటికే పనితనం ఉంది కాబట్టి ఆ చదువు పట్టింది. ఏమీ రాని పిల్ల అదే చదివితే, సర్టిఫికెట్ ఉంటుంది, రోగి దగ్గర చేతులు వణుకుతాయి. ఆన్‌లైన్ చదువు ఉన్న కత్తికి సాన పడుతుంది, కత్తిని చెయ్యలేదు.

ఫారంలో ఒక గడి

డిగ్రీ వచ్చింది. గ్రేడు కోసం లైసెన్స్ ఆఫీసుకి పంపే ఫైలు తయారుచేసి సంతకం పెట్టడం నా పని. ఫారంలో ఒక గడి ఉంది: చదివిన విధానం, రెగ్యులరా, ఆన్‌లైనా? ఏజెంటు ఫోన్ చేశాడు.

"మేడం, ఆన్‌లైన్ అని రాస్తే గ్రేడు రాదు. రెగ్యులర్ అని రాసెయ్యండి. కాలేజీకి రోజూ వచ్చినట్టు లెటర్ నేను తెప్పిస్తా. అందరూ ఇంతే మేడం."

"హండ్రెడ్ పర్సెంట్ అన్నావు కదయ్యా?"

"డిగ్రీ వస్తుందని అన్నా మేడం. వచ్చింది కదా!"

వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కరుణ పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. "ఏం రాయమంటారండి అక్కా?"

నాకు షారోన్ కళ్ళ ముందు మెదిలింది. అలా రాసి గట్టెక్కినవాళ్ళు ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చారు. "రెగ్యులర్ అని రాసెయ్" అన్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఫైలు ఆస్పత్రి పర్సనెల్ ఆఫీసుకి వెళ్ళిపోయింది. వాళ్ళు ఆదివారం పైకి పంపుతారు. గురువారం పొద్దున నా దగ్గర మిగిలిన కాపీలు సర్దుతూ పాస్‌పోర్టు పేజీలు తిప్పాను. రెండేళ్ళలో ఒకే ఒక్క ఎగ్జిట్ రీ-ఎంట్రీ ముద్ర, నెల సెలవుకి ఇంటికెళ్ళి వచ్చినప్పటిది. దాని కింద అనుభవం సర్టిఫికెట్: ఈ రెండేళ్ళూ కరుణ విరామం లేకుండా మా యూనిట్‌లో డ్యూటీ చేసింది, ఇట్లు రత్నకుమారి. ఒకే ఫైల్లో మనిషి రోజూ ఆంధ్రాలో కాలేజీకి వెళ్తోంది, రోజూ రియాద్‌లో సూదులు గుచ్చుతోంది! రెండింటి కిందా సంతకం నాదే. చూసేవాడు చూస్తే జైలు, ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టడం కల్ల. నాకు సరే, ఆ పిల్లకి?

పరుగున యూనిట్‌కి వెళ్ళి కరుణని స్టోరు గదిలోకి పిలిచి చెప్పాను. సెలైన్ పెట్టె మీద కూలబడింది.

"మీరే కదండీ రాయమన్నారు," అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"నేనేనమ్మా."

"నిజం రాస్తే క్వార్టర్ పోతుంది కదండి?"

"పోతుంది."

చేతి గ్లౌజు లాగి, మళ్ళీ తొడుక్కుంది. "షారోన్‌కి అయిదో క్లాసు పుస్తకాలు కూడా కొనేశామండి," అంది. తర్వాత గ్లౌజు తీసి చెత్తబుట్టలో పడేసి లేచింది. "పదండి అక్కా, ముదీరా దగ్గరికి."

చెయ్యనిది రాయకూడదు

ముదీరా అంతా విని, "రెగ్యులర్ అని రాయమన్నదెవరు?" అంది. నేనే అని ఇద్దరం ఒకేసారి అన్నాం. "ఇద్దరూ కాదు, ఒకరు చెప్పండి," అంది. నేను చెప్పాను.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రత్నా, ఇన్నేళ్ళుగా నువ్వు ఈ పిల్లలకి మొదటి రోజు ఏం చెబుతావు?"

"చెయ్యని పని చార్టులో రాయకూడదనండి."

"మరి?"

ఆవిడే ఫోన్ చేసి ఫైలు వెనక్కి తెప్పించింది. నా ఉద్యోగం మొత్తంలో ఒకే ఒక్క వార్నింగ్ లెటర్ ఆ రోజు అందుకున్నాను. దాని మీద సంతకం పెడుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. కరుణ కొత్త ఫారం మీద ఆన్‌లైన్ అని రాసింది. రెండు నెలలకి జవాబు వచ్చింది: డిగ్రీ నిజమైనదే, గ్రేడు మాత్రం ఇవ్వం. ఇన్‌ఛార్జ్ కుర్చీ పోయింది. స్కూలు ఏడాది అయ్యేలోగా క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు. ప్రభాకర్ అట్టపెట్టెలు తెచ్చుకుని, "వదినగారూ, వంటింటి ఇన్‌ఛార్జ్‌కి కూడా ఫైనల్ ఎగ్జిట్టేనండి" అని నవ్వబోయి, సగంలో అటు తిరిగిపోయాడు.

నాకు ఆ తర్వాత అన్నం సహించలేదు. నా కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది. నా పోస్టుకి లైసెన్స్ గ్రేడు అక్కర్లేదు, ఏ డిగ్రీ అయినా చాలు. దాంతో ఫ్యామిలీ క్వార్టర్ కూడా ఇస్తారు. రాజీనామా రాసుకుని వెళ్ళాను.

"లెటర్ ఇచ్చానని అలిగావా?" అంది ముదీరా.

"లేదండీ. మోకాళ్ళ నొప్పులు."

"చెయ్యనిది రాయకు రత్నా. నిన్న మెట్లు రెండేసి ఎక్కడం చూశాను."

అప్పుడు ఉన్నమాట చెప్పాను. "తప్పు నాది. ఖాళీ చెయ్యాల్సింది ఆ పిల్ల కాదు, నేను." ఆవిడ నా కాగితం తీసుకుంది కానీ మాట ఇవ్వలేదు. పోస్టుకి ప్రకటన వేసింది, నలుగురు వచ్చారు. నలుగుర్నీ తలా ఒక పాఠం చెప్పమంది. కరుణ కబ్సా పాఠం చెప్పింది. మిగతా ముగ్గురూ పుస్తకంలో ఉన్నది చెప్పారు. పోస్టు కరుణకి వచ్చింది. ప్రభాకర్ అట్టపెట్టెలు విప్పేశాడు.

త్యాగమూ గీగమూ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను తవ్విన గొయ్యి నేను పూడ్చాను. పైగా మా మాస్టారు అప్పటికి ఇరవై ఏడేళ్ళుగా తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు.

వెళ్ళే ముందు వారం కరుణ తొలి క్లాసు తీసుకుంది. నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. కొత్తగా వచ్చిన వాళ్ళలో ఒక గుంటూరు పిల్ల లేచి తెలుగులోనే అడిగేసింది.

"మేడం, మీరు డిగ్రీ ఎక్కడ చదివారండి?"

కరుణ ఒక్క క్షణం నా వైపు చూసింది.

"ఇక్కడేనమ్మా, ఈ ఆస్పత్రి క్వార్టర్లో. ఆన్‌లైన్‌లో. ఇన్‌ఛార్జ్ పోస్టుకి పనికి రాలేదు, నీకు పాఠం చెప్పడానికి పనికొచ్చింది. పుస్తకం తియ్యి."

నాకు ముక్కు కారిపోతోంది. రుమాలు తీసి గట్టిగా చీదాను. బోర్డు వైపు తిరిగి రాస్తున్న కరుణ వెనక్కి చూడకుండానే అంది:

"ఆ వెనక బెంచీ, ఏంటా చప్పుడు? వినడం ఇష్టం లేకపోతే బయటికెళ్ళొచ్చు."

నోరు మూసుకుని విన్నాను.